మన ఇంటి మాటలు: గండి చిన్నదై యున్నప్పుడే



ఊరగాయల నిలువను గురించి ఈ నెలలో వ్రాయుదునని మీకు మాట ఇచ్చితిని. ఆ మాటను వచ్చు నెలకు వాయిదా వేయుచున్నాను, మన్నింపుడు. అంతకంటె ముందు చెప్పవలసిన సంగతి యొకటి వచ్చిపడినది. అది స్త్రీలు తమలో తాము కూడ పైకి చెప్పుకొనని సంగతి. చదువుచుండగా ఇంటిలోని మగవారెవరైన అటు వచ్చినచో పుట త్రిప్పివేయవలెనని మీకు తోచవచ్చును. త్రిప్పకుడు. అట్లు త్రిప్పివేయు అలవాటు వలననే మనలో ఎందరో అకాలమున పోవుచున్నారు.

మా యూరు పాలకాయతిప్ప. కృష్ణానది సముద్రమున కలియు హంసలదీవికి దగ్గర నున్న చేపలు పట్టువారి పల్లె. మా వారు ఇచ్చటి పాఠశాలలో ఉపాధ్యాయులు. మూడు నెలల క్రిందట ఏ.ఎన్.ఎం. గారును, ఆశా కార్యకర్తయు ఇంటింటికి వచ్చి, 30 ఏండ్లు నిండిన స్త్రీల పేర్లు వ్రాసికొని, గర్భసంచి ముఖద్వారమునకు కాన్సరు పరీక్ష ఉచితముగా చేయుదురనియు, బుధవారమునాడు రావలసినదనియు చెప్పిపోయిరి. మా వీధిలో 11 మంది పేర్లు వ్రాసిరి. బుధవారమునాడు పోయినవారు ఇద్దరు. ఇద్దరును ఏబదియేండ్లు దాటినవారు. “ఇంక మాకు సిగ్గేమిటి” అని నవ్వుకొనుచు పోయినవారు. వయసులో నున్నవారొక్కరును కదలలేదు.

నేనును పోలేదు. నాకు 36 ఏండ్లు. మా తండ్రిగారి కడ భారత భాగవతములు చదువుకొన్నదానను. ఈ పత్రికలో నెలనెలా మీకు హితము చెప్పుదానను. అయినను పోలేదు. ఆ దినమున ఇంట పిండి రుబ్బవలసి యున్నదని నాకు నేనే చెప్పుకొంటిని.

ఆ సాయంకాలము దీపము పెట్టువేళ పొరుగింటి కోడలు దొడ్డివాకిట నిలిచి పిలిచినది. ముప్పదియొక్క యేండ్ల పిల్ల. ఇద్దరు బిడ్డలు. పెనిమిటి వేటకు సముద్రము మీదికి పోవును.

“పంతులమ్మగారూ, మీరు వెళ్లారా అండీ?” అని అడిగినది.

“లేదమ్మా” అంటిని.

“మీరే వెళ్లకపోతే ఇంక మేమెట్లా వెళ్తామండీ?”

ఆ మాటకు నాయొద్ద జవాబు లేదు. ఆమెను కూర్చుండబెట్టి, ఏల పోలేదని అడిగితిని. ఒక్కొక్కటిగా చెప్పినది. మగ డాక్టరు చూచునేమో. ఇనుప సామాను లోపల పెట్టుదురట, నొప్పి యెంత యుండునో. ఏ జబ్బును లేనిదానిని నేనేల పోవలెను? ఏదైన ఉన్నదని చెప్పినచో, “ఇది నీకెట్లు వచ్చినది” అని ఇంటిలో నన్నే అనుమానింతురు. గర్భసంచి తీసివేయుదురట. చివరకు మెల్లగా, “ఉందని తెలిస్తే ఆ బెంగతోనే పోతానేమోనండీ; తెలియకుండా ఉంటేనే మేలు కదా?” అనినది. ఇరువదిమూడేండ్ల చెల్లెలు క్రొత్తగా కాపురమునకు పోయినదనియు, ఆమెయు చేయించుకొనవలెనేమో యని భయపడుచున్నదనియు కూడ చెప్పినది.

నిజము చెప్పవలెనన్న, ఆ భయములలో సగము నావియే. తెలిసికొని చెప్పెదనని ఆమెను పంపి, తెలిసిన డాక్టరమ్మగారి నడిగియు, పుస్తకములు చూచియు తెలిసికొన్నదానిని మీకును విన్నవించుచున్నాను.

గర్భసంచి అడుగుభాగమున సన్నని మెడవంటి ద్వారమున్నది. అచ్చట పుట్టు రాచపుండునే ఈ పేరుతో పిలుతురు. హెచ్.పి.వి. అను వైరసు దీనికి కారణము. 1983, 84 సంవత్సరములలో జర్మనీ దేశపు హారల్డ్ జుర్ హౌసెన్ అను శాస్త్రజ్ఞుడు ఆ వైరసులలో ముఖ్యమైన రెండింటిని ఈ పుండునందు కనుగొని, 2008లో నోబెలు బహుమానమందెను. దాంపత్యజీవనము గల స్త్రీ పురుషులలో చాలమందికి ఈ వైరసు ఎప్పుడో ఒకప్పుడు సోకును. చాలమందిలో ఒకటి రెండేండ్లకు శరీరమే దానిని వెడలగొట్టును. కొందరిలో మాత్రము పోక నిలిచి, ఆ చర్మమును మెల్లమెల్లగా మార్చును. ఆ మార్పు కాన్సరుగా ముదురుటకు సాధారణముగా పది, పదునైదు, ఇరువది యేండ్లు కూడ పట్టును. ఆ కాలమంతయు నొప్పి యుండదు, రక్తము కనబడదు, తెలియునట్టి గురుతేదియు నుండదు.

కాన్సరనగా లాటిను భాషలో పీత యని యర్థము, మన కర్కటమే. డెల్టాలో పుట్టిన మనకు ఈ పోలిక చెప్పనక్కరలేదు. పొలము గట్టున ఎండ్రకాయ బొరియ చేయును. మొదట చెమ్మ మాత్రమే కనబడును. ఆనాడు పిడికెడు మన్ను మెత్తిన సరిపోవును. చూడక విడిచినచో గండి పడును. అప్పుడు బండ్లకొలది మన్ను పోసినను నిలువదు. పొరుగింటి పిల్ల “ఏ జబ్బును లేనిదానిని నేనేల పోవలెను” అనినది గదా. జబ్బు లేనప్పుడు చేయుటకే ఈ పరీక్ష యున్నది. కాన్సరును వెదకుట కంటె, కాన్సరు కాకముందరి చెమ్మను వెదకుట దీని పని.

2022లో మన దేశమున సుమారు 1,27,000 మంది స్త్రీలకు ఈ వ్యాధి క్రొత్తగా వచ్చినదనియు, సుమారు 80,000 మంది మరణించిరనియు ప్రపంచ కాన్సరు లెక్కలు చెప్పుచున్నవి. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 30 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో ఈ పరీక్ష ఒక్కమారైన చేయించుకొన్నవారు దేశము మొత్తముమీద నూటికి ఇద్దరు కూడ లేరు. మా వీధి దేశమునకు నమూనాయే యనుకొంటిని.

ఈ పరీక్ష మొదట పుట్టినది కూడ ఒక యింటి యిల్లాలి వలననే యని తెలిసి ఆశ్చర్యపడితిని. గ్రీసు దేశమునుండి 1913లో అమెరికాకు పోయిన పాపనికొలావ్ అను వైద్యుడు, స్త్రీల లోపలి స్రావమును గాజుపలకపై పూసి సూక్ష్మదర్శినితో చూచుట నేర్చెను. ఆయన భార్య ఆండ్రోమకీ ఏండ్ల తరబడి తన దేహమునే ఆ పరీక్షలకు ఒప్పగించి, ప్రయోగశాలలో ఆయనకు తోడై పనిచేసినది. ఆయన 1928లో తన సంగతిని ప్రకటించినప్పుడు ఎవరును అంతగా నమ్మలేదు. 1943లో పుస్తకము వెలువడిన పిమ్మట లోకము గ్రహించినది. పాప్ పరీక్ష యని నేడు పిలుచునది అదియే. ఆ యిల్లాలు సిగ్గుపడి యుండినచో ఆ విద్య ఎన్ని యేండ్లు వెనుకబడి యుండెడిదో!

మన పల్లెలలో చేయు పరీక్ష దానికంటెను సులభము. గాజుపలకలు, సూక్ష్మదర్శిని అక్కరలేదు. శిక్షణ పొందిన నర్సు తెర చాటున, బల్లపై పరుండబెట్టి, బాతుముక్కు వంటి చిన్న పరికరముతో ద్వారమును తెరచి, నూటికి 3 మొదలు 5 పాళ్ల పులుపు గల నీటిని దూదితో అద్దును. వెనిగరులో నుండు పులుపే యది. ఒక్క నిమిషము ఆగి దీపపు వెలుగున చూచును. మార్పు గల చోటు తెల్లగా కనబడును. కోయుట లేదు, సూది లేదు, మత్తు లేదు. మొత్తము కొద్ది నిమిషముల పని. కొంచెము ఒత్తిడిగా నుండును. ఒడలు బిగించినచో నొప్పి తోచును. వదులుగా ఊపిరి విడుచుచుండవలెను. నొప్పి యెక్కువైనచో “ఆగుడు” అనవచ్చును, ఆపుదురు. బహిష్టు దినములలో పోరాదు. గర్భిణులును, బాలింతలును ఎప్పుడు రావలెనో ముందుగా అడిగి తెలిసికొనవలెను.

నర్సులు చూచిన చాలునా యని మీకు సందేహము కలుగవచ్చును. తమిళనాడున దిండిగల్లు జిల్లా పల్లెలలో 2000వ సంవత్సరమున మొదలుపెట్టి, 30 మొదలు 59 ఏండ్ల స్త్రీలను నర్సుల చేతనే ఈ పులుపునీటి పద్ధతిని ఒక్కమారు పరీక్షింపజేసిరి. పరీక్ష జరిగిన పల్లెలలో ఈ వ్యాధి మరణములు తక్కిన పల్లెల కంటె నూటికి 35 పాళ్లు తగ్గినవని 2007లో ప్రకటించిరి. ఒక్కమారు చూచుటకే ఇంత ఫలము. మన దేశమున 2016లో ఏర్పరచిన పద్ధతి ప్రకారము 30 మొదలు 65 ఏండ్ల స్త్రీలు ఐదేండ్లకొకమారు చేయించుకొనవలెను.

ఇక పడుచువారి బెంగలకు వత్తును.

మొదటిది, మగ డాక్టరు. పల్లెలలో ఈ పరీక్ష చేయువారు సాధారణముగా స్త్రీలే. అయినను ముందుగా అడుగుడు. స్త్రీయే చూడవలెనని కోరుట మీ హక్కు. తోడుగా నొక స్త్రీని ఉంచుకొనుటయు మీ హక్కే. మంత్రసాని ఎదుట, కాన్పుగదిలో నర్సుల ఎదుట మనము సిగ్గుపడితిమా? బిడ్డ ప్రాణము కొఱకు విడిచిన సిగ్గును మన ప్రాణము కొఱకు విడువరాదా?

రెండవది, చిన్నవయసు వారి సంగతి. ముప్పది లోపువారిని ఏల పిలువరని కొందరును, పిలువకున్నను పోవలెనా యని కొందరును అడుగుచున్నారు. ఆ వయసున వైరసు సోకుట యెక్కువ, దానంతట అది పోవుటయు ఎక్కువ. పోవుదానిని పట్టుకొని అనవసరముగ చికిత్స చేయుదురని, ఆరోగ్యవంతులైన చిన్నవారిని పిలువరు. కావున ఇరువదిమూడేండ్ల చెల్లెలు ఇప్పుడే భయపడనక్కరలేదు. అవివాహితలైన ఆడపిల్లలకు ఈ పరీక్షతో పని లేదు. హెచ్.ఐ.వి. గలవారికి మాత్రము ఈ వ్యాధి త్వరగా ముదురును గనుక వారు ముందుగానే డాక్టరును అడుగవలెను. మరియు ఏ వయసువారికైనను నెలసరి కాని దినములలో రక్తము కనబడినను, దాంపత్యానంతరము రక్తము కనబడినను, దుర్వాసనతో తెల్లబట్ట అయినను, పిలుపు కొఱకు కాచుకొనక వెంటనే డాక్టరుకు చూపవలెను. బహిష్టు నిలిచినవారికి మరల రక్తము కనబడినచో ఒక్కనాడును ఆలస్యము చేయరాదు.

మూడవది, అనుమానము. అన్నింటికంటె ఇదియే పడుచువారి నోరు నొక్కుచున్నది. ఈ వైరసు నడవడికకు తూకపురాయి కాదు. ఎప్పుడు సోకినదో, ఎవరినుండి వచ్చినదో ఏ డాక్టరును చెప్పలేడు. ఏండ్లకొలది లోపల దాగి యుండి పిమ్మట బయటపడవచ్చును. ఒక్క భర్తతోనే కాపురము చేసిన ఇల్లాలికిని రావచ్చును. తెల్లమచ్చ కనబడినంతనే వైరసు ఉన్నదనియు కాదు. ఒఱపు, వాపు వలనను అట్లు కనబడును. కావున, అత్తగార్లారా, మగవారలారా, ఈ పుట మీ కంటబడినచో వినుడు: పరీక్షలో ఏదో కనబడిన ఇల్లాలికి కావలసినది బస్సుకు తోడు వచ్చు మనిషి. న్యాయస్థానము కాదు.

నాలుగవది, గర్భసంచి తీసివేయుదురను భయము. ఈ భయము ఊరక పుట్టలేదు. చిన్నవయసుననే గర్భసంచి తీయించుకొన్న స్త్రీలు మన ఆంధ్ర తెలంగాణములలో దేశమందెల్ల ఎక్కువని ప్రభుత్వ సర్వేలే చెప్పుచున్నవి. “తీయించకున్న కాన్సరగును” అని బెదరించినందున సంచిని పోగొట్టుకొన్నవారు మనకు తెలియనివారు కారు. కాని పరీక్షలో తెల్లమచ్చ కనబడినంతనే సంచి తీయనక్కరలేదు. కాన్సరు కాని ముందుదశలో ఆ మచ్చను మాత్రమే వేడితో గాని, చలితో గాని మాడ్చుదురు. కొందరికి సన్నని తీగతో ఆ చర్మమును మాత్రమే తీయుదురు. పిమ్మట బిడ్డలను కనవచ్చును. ఎవరైన వెంటనే ఆపరేషను అనినచో, “ముక్క పరీక్ష కాగితము చూపుడు” అని అడిగి, మరియొక ప్రభుత్వ డాక్టరుకు కూడ చూపుడు.

అడుగుట తప్పు కాదు. 2009లో మన ఖమ్మము జిల్లాలో బాలికలకు ఈ వైరసు టీకాను ప్రయోగపూర్వకముగా వేసిరి. 2010లో దానిని ఆపివేసిరి. కొందరు బాలికల మరణములకు టీకా కారణమని విచారణలో తేలలేదు. కాని వసతిగృహముల వార్డెన్లు తల్లిదండ్రులకు బదులుగా సంతకములు చేసిరని తేలినది. చెప్పక చేసిన మేలు కూడ అనుమానమునకే దారి తీయునని ఆ సంగతి నేర్పినది. నేడు ఆ టీకాను లోకమున అనేక దేశములు బాలికలకు వేయుచున్నవి. పుణెలో తయారైన మన దేశపు టీకాకు 2022లో అనుమతి వచ్చినది. 9 మొదలు 14 ఏండ్ల ఆడపిల్లలు గల తల్లులు డాక్టరు నడిగి తెలిసికొనుడు. టీకా వేయించుకొన్నవారును పెద్దయిన పిమ్మట పరీక్ష చేయించుకొనవలసినదే.

ఇక చివరిది, “తెలియకుండుటే మేలు కదా” అనుట. దీనికి నేను చదువుకొన్న భారతములోని సావిత్రి జవాబు చెప్పినది. సత్యవంతునకు ఏడాదియే ఆయువని నారదుని వలన ఆమె ముందే విన్నది. వినలేదని నటింపలేదు. దినములు లెక్కపెట్టుకొని, మూడునాళ్ల ముందే వ్రతము పట్టి, ఆనాడు అడవికి వెంట నడచినది. ముందు తెలియుట వలననే ఆ సమయమునకు అచ్చట నుండగలిగినది. పతి కొఱకు అంత తెలివి చూపిన స్త్రీజాతి తన కొఱకు కన్నులు మూసికొనుట ఏమి న్యాయము?

చెన్నపట్టణపు డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగారి తోడబుట్టినది కాన్సరుతోనే పోయినది. ఆ దుఃఖమును దిగమ్రింగి ఊరకుండక, ఆమె ఏండ్ల తరబడి శ్రమించి 1954లో అడయారున కాన్సరు ఆసుపత్రిని తెరపించిరి. నేటికిని అది వేలమందికి చికిత్స చేయుచున్నది.

ఇవన్నియు చెప్పిన పిమ్మట పొరుగింటి పిల్ల ఒప్పుకొన్నది. అత్తగారు ఒప్పుకొనలేదు. “ఏంటమ్మా పంతులమ్మా, ఒంట్లో బాగున్న పిల్లని ఆసుపత్రికి తిప్పుతానంటావు?” అని వాకిటనే నిలువదీసినది. నేను వాదింపలేదు. “పెద్దమ్మా, ఇప్పుడు తుపాను కబురు వచ్చినప్పుడు సముద్రం నిమ్మళంగా ఉన్నా మీరు పిల్లలను తీసుకుని తుపాను షెల్టరుకు పోతారు కదా, ఎందుకు?” అని మాత్రము అడిగితిని.

ఆమె చాలసేపు మాటలాడలేదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనకు ఆమె పన్నెండేండ్ల పిల్ల. ఆనాడు ఇంటిలో మిగిలినవారు ఆమెయు, ఒక అన్నయు మాత్రమే. “పొద్దున్నే రేడియోలో ఏదో చెప్పారంటే మా నాయన, సముద్రం మనకు కొత్తా అన్నాడు” అని మెల్లగా అనినది. పిమ్మట లోపలికి పోయి బస్సు చార్జీకి డబ్బు తెచ్చి కోడలి చేతిలో పెట్టి, “తీసుకెళ్లు తల్లీ. నాకూ చూస్తారేమో అడుగు” అనినది.

మరుసటి బుధవారము ముగ్గురమును పోయితిమి. నన్నే ముందుగా లోపలికి పంపిరి. బల్లమీద పరుండినప్పుడు నా కాళ్లు వణకినవని మీకు దాచను. ఆ నర్సు, “ఊపిరి వదలండమ్మా” అనుచు కబుర్లు చెప్పుచుండగనే అయిపోయినది. నాకును, అత్తగారికిని ఏమియు లేదనిరి. కోడలికి తెల్లమచ్చ కనబడినది.

ఆ రాత్రి ఆ యింట ఎవరును అన్నము తినలేదు. వేటనుండి వచ్చిన పెనిమిటి నేను భయపడిన మాటయే అడిగెనట: “ఇది నీకెట్లా వచ్చింది?” మా వారు పోయి, అతనిని కరకట్ట మీదికి పిలుచుకొనిపోయి చాలసేపు మాటలాడి వచ్చిరి. ఏమి చెప్పిరో నాకు చెప్పలేదు. మరునాడు అతడే భార్యను అవనిగడ్డ మీదుగా బస్సులో పట్టణపు ఆసుపత్రికి తీసికొనిపోయెను. అచ్చట డాక్టరమ్మగారు పెద్దదిగా చూపు యంత్రముతో చూచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపిరి. రెండు వారములకు కాగితము వచ్చినది: కాన్సరు కాదు, దానికి ముందుదశ. వేడితో ఆ చోటును మాడ్చుటకు కొద్ది నిమిషములు పట్టినది. నాటి సాయంకాలమునకే ఇల్లు చేరినది. కొన్ని వారములు నీరువలె స్రావమగుననియు, అంతవరకు దంపతులు దూరముగా నుండవలెననియు, ఏడాదికి మరల వచ్చి చూపించుకొనవలెననియు చెప్పిరి. ఆ వారమంతయు అత్తగారే పొయ్యి వెలిగించినది.

ఆ పిల్ల మొన్న మా దొడ్డివాకిట నిలిచి, “ఆ బుధవారం మీరు వెళ్లి ఉంటే నేనూ అప్పుడే వచ్చేదాన్నండీ” అని నవ్వినది. నవ్వుచునే అనినది గాని, ఆ మాట నాకు ఇంకను తగులుచునే యున్నది. హితము చెప్పువారు ముందు తాము నడువవలెనని నాకు బోధించినది ఆమెయే.

మా వీధి 11 మందిలో ఇప్పటికి ఆరుగురు పోయిరి. ఐదుగురు మిగిలియున్నారు. ఈ సంచిక చేతికందిన దినమున వారి యిండ్లకు పోయి దీనిని చదివి వినిపించి, బుధవారమునాడు తోడు పోయెదను. మీ వీధిలో ఎందరున్నారో మీరును లెక్క చూడుడు. ముందుగా మిమ్ములను లెక్కించుకొనుడు.

ఊరగాయల సంగతి వచ్చు నెల తప్పక వ్రాయుదును.